ఒళ్లో బస్సు పెట్టుకుని బస్సెక్కాం

మదనపల్లె వెళ్లొచ్చామనగానే మా తెనాలిలో ప్రతివాళ్లూ అడిగిన మొదటి ప్రశ్న, హార్సిలీ కొండ ఎక్కారా అని. ఎక్కలేదు. ఆ కొండ ఏ దిక్కున ఉందో కూడా నాకు తెలీదు. ఎనభై నాలుగు వేసవి సెలవుల్లో చిత్తూరు జిల్లా దాకా పోయి నేను చూసొచ్చినవి మూరెడు పొడవు కూడా లేని లారీలు, కార్లు, జీపులు, ఒక రోడ్డు రోలరు. వాటితోపాటు వాటిని చేసే మగవాళ్లనూ, ఆ మగవాళ్ల ఇళ్లు నడిపే ఆడవాళ్లనూ చూశాను. కొండ సంగతి కావలసినవాళ్లు ఎక్కినవాళ్లను అడగండి.

మా ఆయన సాంబశివరావు టెలిఫోన్ల ఆఫీసులో గుమస్తా. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఆయనకు బుల్లి బండ్లు చేసే పిచ్చి. అసలు బండ్ల మీద ఏమంత ప్రేమ లేదు, ఉన్న ఒక్క సైకిలుకు గాలి కొట్టించడానికే బద్ధకిస్తారు. పెళ్లయిన కొత్తలో, డెబ్బై ఒకటి, రెండు ప్రాంతంలో, అగ్గిపెట్టెలతో, సిగరెట్టు పెట్టెల అట్టతో జీపులు చేసేవారు. అప్పట్లో నాకూ ముచ్చటగానే ఉండేది. తర్వాత నూనె డబ్బాల రేకు ఇంట్లోకి వచ్చింది, దాని వెంట ఆయన వేళ్లకు కట్లు వచ్చాయి. ఆ తర్వాత టీ పెట్టెల చెక్క. చక్రాలకు ఇంజెక్షన్ సీసాల రబ్బరు మూతలు, ఇరుసులకు సైకిలు చువ్వలు. మా వీధి కాంపౌండరు ఆ మూతలు పొట్లం కట్టి పంపించేవాడు. రోగాలు ఎక్కువైన ఏడాది మా ఇంట్లో లారీలు కూడా ఎక్కువయ్యాయి.

ఇలా నాలుగేళ్లు వంచిన నడుము ఎత్తకుండా ఆయన ఒక ఎర్రబస్సు చేశారు. అసలు బస్సులో ఇరవైనాలుగో వంతు. లోపల సీట్లు, సీట్ల వెనక కడ్డీలు, గంట తాడు అన్నీ ఉన్నాయి. కిటికీ అద్దాలు మాత్రం నావి. అంటే, నా చెయ్యి విరిగినప్పుడు తీసిన ఎక్స్‌రే ఫిల్ములు సోడాలో కడిగి కత్తిరించి పెట్టారు. వెనక అద్దం సరిగ్గా కడగలేదు, అందులోంచి చూస్తే నా మణికట్టు ఎముక మసగ్గా కనిపిస్తుంది.

ఇంతవరకైతే నేను ఈ ప్రయాణం కట్టేదాన్ని కాదు. ఆ ఏడాది మొదట్లో మద్రాసు ఎగ్జిబిషన్‌లో ఆయనకు మదనపల్లె రెడ్డెప్ప తగిలాడు. ఇద్దరూ రెండు గంటలు మాట్లాడుకుని ఒక ఫ్యాక్టరీ కట్టేశారు, గాలిలో. విదేశాల నుంచి వచ్చే ప్లాస్టిక్ కిట్లు, అంటే పెట్టె విప్పి ముక్కలు అతికిస్తే కారయ్యే సరంజామా, ఇకమీద మదనపల్లెలోనే తయారవుతుందట. దానికి మా ఆయన ఉద్యోగం మానెయ్యాలి. నేను నా జీతంలోంచి కూడబెట్టి ఊరి చివర కొన్న ఇంటిస్థలం అమ్మాలి. మేం ఇప్పటికీ అద్దె ఇంట్లోనే ఉంటున్నాం. "ఊరికే చూసొద్దాం రా, నచ్చకపోతే వద్దు" అన్నారు. నచ్చదని నాకు ముందే తెలుసు. అయినా చూడకుండా వద్దంటే జీవితాంతం దెప్పుతారు. అందుకని బయలుదేరాను.

తిరుపతి నుంచి మదనపల్లె

బస్సుకు దెబ్బ తగలకూడదని ఆయన దాన్ని మెత్తటి తువ్వాలులో చుట్టి, పైన నా పాత శాలువా కప్పి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పీలేరు దాటాక పక్క సీటు పెద్దావిడ చాలాసేపు ఆ మూట వంక చూసి, "ఎన్ని నెల్లప్పా బిడ్డకి?" అని అడిగింది.

"నాలుగేళ్లండీ" అన్నారు మా ఆయన.

ఆవిడ మూట పొడవు చూసింది, నా మొహం చూసింది, ఇంకేం అడగలేదు. వాయల్పాడులో దిగేటప్పుడు మాత్రం నా భుజం తట్టి, "దేవుడుండాడు లేమ్మా" అంది. ఆ మాటకు మా ఆయన నొచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ ప్రయాణంలో నా కష్టం గుర్తించిన మొదటి మనిషి ఆవిడేననిపించింది.

మదనపల్లె: మేడ మీది కార్లు

మే నెలలో కూడా మదనపల్లెలో సాయంత్రం గాలి చల్లగా ఉంటుంది. మా వైపు ఆ రోజుల్లో తడిగుడ్డ కప్పుకుని పడుకుంటాం. బస్టాండు దగ్గర టమోటాలు గుట్టలుగా పోసి ఉన్నాయి. ధర చెబితే తెనాలిలో నమ్మరు.

రెడ్డెప్పకు నలభై దాటి ఉంటాయి. వాళ్లది తంబళ్లపల్లె వైపు, అక్కడ వేరుశనగ చేలు, బోర్లు ఉన్నాయి. ఊళ్లో పట్టు దారం వ్యాపారం. మంచి మనిషి, పెద్ద గొంతు. పక్కన కూర్చున్న మనిషితో కూడా పొలం అవతలి మనిషితో మాట్లాడినట్టే మాట్లాడతాడు. కాళ్లు కడుక్కోనిచ్చే ఓపిక కూడా లేకుండా మమ్మల్ని మేడ ఎక్కించాడు.

పైన హాలు పొడవునా అద్దాల బీరువాలు. కింది అర నుంచి పై అర దాకా ఏ కాలం బండ్లు ఆ కాలానివే సర్దాడు. కింద జొన్నదంటు ఎడ్లబండ్లు, దాని మీద రేకు లారీలు, ఆ పైన చెక్క, తర్వాత థర్మోకోల్. అన్నిటికంటే పైన, మెత్తటి ఎర్రగుడ్డ మీద, మెరిసిపోతూ ప్లాస్టిక్ కార్లు.

"సూడండి సార్, ఇది డెబ్బై రెండులో సేసింది. జొన్నదంటు. సగం పురుగు తినేసినాది. ఇది రేకు, తుప్పు పట్టి పోతాండాది. చెక్కంటారా, వానకి ఉబ్బుతాది, ఎండకి పగుల్తాది. ఇది సూడండి, ప్లాస్టిక్! పురుగు తినదు, తుప్పు పట్టదు. మనం పోయినా నూరేండ్లు అట్లనే ఉంటాది."

"అప్పుడు చూసేదెవరండీ?" అని అడిగాను.

ఆయన ఆ ప్రశ్న విన్నట్టు లేదు.

డెబ్బైల్లో ఆదివారమొస్తే ఆ మేడ మెట్ల మీద చెప్పులు పెట్టుకోవడానికి చోటుండేది కాదట. బడిపంతుళ్లు, టైలర్లు, కాలేజీ పిల్లలు, ఒక దంతవైద్యుడు, అందరూ వచ్చి నేల మీద కూర్చుని రేకులు కత్తిరించేవాళ్లట. విరిగిన గొడుగు ఒకటి, తుప్పు డబ్బా రెండు ఉంటే చాలు, ఎవరైనా బండి చేసేవాళ్లు. ఇప్పుడు బండి చెయ్యాలంటే కువైటులో చుట్టముండాలి. లేదా మద్రాసులో ఓడ సరుకు అమ్మే మనిషి తెలిసుండాలి. అందరూ జారుకున్నారు. ప్రస్తుతం వాళ్ల బుల్లి బండ్ల సొసైటీలో నలుగురు. వాళ్లలో ఇద్దరు వీడియో చూడ్డానికి పోతే ఆదివారం రెడ్డెప్ప, ఆయన తమ్ముడే మిగులుతారు.

"క్వాలిటీ మనుషులే మిగిలినారు మేడమ్" అన్నాడు రెడ్డెప్ప.

తర్వాత రెడ్డెప్ప మా ఆయన చేతిలో ఒక కొత్త పెట్టె పెట్టాడు. మూత మీద వర్షంలో దూసుకుపోతున్న జర్మనీ కారు బొమ్మ. లోపల ముక్కలన్నీ కొమ్మకు పిందెల్లా ప్లాస్టిక్ పుల్లలకు అంటుకుని ఉన్నాయి. తలుపు పిడి చిటికెన వేలి గోరులో సగం. మా ఆయన ఒక ముక్క పైకి తీసి వెలుతురుకు పట్టి చూశారు. తర్వాత పెట్టెలోకి వంగి, పుట్టిన బిడ్డ తల వాసన చూసినట్టు, కళ్లు మూసుకుని ఆ ప్లాస్టిక్ వాసన పీల్చారు. పదమూడేళ్ల కాపురంలో నా వంట దగ్గర కూడా ఆయన అలా కళ్లు మూసుకోలేదు. తెనాలిలో నా స్థలం సరిహద్దు రాళ్లు కదిలిన చప్పుడు నాకు అక్కడ వినిపించింది.

మదనపల్లె: షెడ్డులో

రాత్రి అన్నంతోపాటు రాగిసంగటి పెట్టారు. మా వైపు రాగి అంటే జ్వరం తగ్గినవాళ్లకు జావ కాచిస్తాం, అంతే. ఇక్కడ ముద్ద చేసి, మధ్యలో గుంట పెట్టి, నెయ్యి పోసి, పక్కన ఊరుబిండి అని వేరుశనగ పచ్చడి వేస్తారు. నమలకూడదట, మింగాలట. మా ఆయన నమిలారు. ముద్ద పై పళ్లకూ కింది పళ్లకూ అతుక్కుని కాసేపు మాట పడిపోయింది. ఆ కాసేపూ రెడ్డెప్ప ఫ్యాక్టరీ గురించి చెబుతుంటే ఆయన తలాడిస్తూనే ఉన్నారు. అన్నిటికీ ఒప్పుకున్నట్టే లెక్క.

పొద్దున్నే రెడ్డెప్ప భార్య నారాయణమ్మ నన్ను పెరట్లోకి తీసుకుపోయింది. నా వయసే ఉంటుంది. సన్నగా, చేతులకు మాత్రం బాగా బలం. పెరట్లో పొడవాటి రేకుల షెడ్డు. లోపల మరిగే నీళ్ల తొట్లలో పట్టుగూళ్లు వేసి దారం తీస్తున్నారు. తొట్టికొక ఆడమనిషి. ఉడికిన పురుగుల కంపు చీర చెంగు అడ్డం పెట్టుకున్నా ఆగదు.

"ఈ వాసనతోనే మా ఇల్లు నడస్తాందక్కా" అంది నారాయణమ్మ. "చేలో వేరుశనగ ఒకేడు వస్తాది, రెండేండ్లు రాదు. ఈ షెడ్డు మాత్రం ఎప్పుడూ చెయ్యిడిసిపెట్టలా. నేనే పెట్టినా, నేనే చూసుకుంటాండా. ఆయప్పకి తొట్లు ఎన్నో కూడా తెల్దు."

"బాగా నడుస్తోందిగా" అన్నాను.

"ఇంకెన్నాళ్లు? ఆ ప్లాస్టిక్ మిషను వస్తే ఈడనే పెట్టల్లంట. షెడ్డు ఖాళీ సేయమన్నాడు." ఆమె తొట్టిలో ఒక గూడును పుల్లతో తిప్పింది. "మీ స్థలం అమ్మితే మిషను వస్తాది. మిషను వస్తే నా షెడ్డు పోతాది. మీరు ఊ అంటారా అక్కా?"

అప్పటిదాకా ఇది నా ఇంటి గొడవే అనుకున్నాను. ఫ్యాక్టరీకి మగవాళ్లిద్దరూ పెడుతున్నదేమిటో అప్పుడు లెక్క తేలింది. స్థలం నాది, షెడ్డు ఆమెది. వాళ్లు పెట్టింది ఒక పేరు. ఆ పేరుతో బోర్డు కూడా రాయించి మేడ మీద గోడకు ఆనించి ఉంచారు.

"మీ ఆయనతో చెప్పలేదా వద్దని?"

"సెప్పినా. 'నీకేం తెల్సు కార్ల గురించి' అన్నాడు. ఎట్ల తెలుస్తాదక్కా? ఇంట్లో అన్ని కార్లుండాయి. పోయినేడు కడుపులో నొప్పొచ్చి మెలికలు తిరిగిపోతే జట్కాలో పోయినా ఆస్పత్రికి." ఇది చెప్పి తనే నవ్వింది. దారం తీస్తున్న ఆడవాళ్లు కూడా తలెత్తకుండా నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

కుప్పంలో బుల్లి బండ్ల పోటీ ఉందనీ, అందరం కలిసి పోతున్నామనీ రెడ్డెప్ప చెప్పాడు. ఆయన జాబితాలో నారాయణమ్మ లేదు. ఆమె వస్తేనే నేనొస్తానన్నాను. రెడ్డెప్ప ఆశ్చర్యపోయి, "ఆడ ఈమెకేం పని మేడమ్?" అన్నాడు. "నాకేం పనో అదే" అన్నాను. అద్దె జీపులో కార్ల పెట్టెలు కొంచెం జరిపి ఆమెకు చోటు చేశారు.

పుంగనూరు: కురచ ఆవులు, మీసాల డ్రైవర్లు

పుంగనూరు దగ్గర జీపు రేడియేటరు పొగలు కక్కింది. నీళ్లు పోసే లోపల కురచ ఆవులను చూశాం. నా నడుము దాకా కూడా రావు. తెల్లగా, ముద్దుగా, మొహంలో మాత్రం పెద్ద ఆవుకుండే గాంభీర్యం ఏమీ తగ్గలేదు. మా ఆయన కింద కూర్చుని ఒక కన్ను మూసి చూసి, "మూడింట రెండు వంతులుంటుంది" అన్నారు.

ఆవుల ఆసామి పళ్లు తోముతున్న పుల్ల తీసి, "ఆవు ఆవేనప్పా, దానికి వంతేంది?" అన్నాడు. నేనూ నారాయణమ్మా జీపు వెనక్కి పోయి నవ్వుకున్నాం.

పుంగనూరులో మునిరత్నం ఎక్కాలి. లారీలకు చెక్క బాడీలు కట్టే షెడ్డు ఆయనది. మిగిలిన చెక్కతో బుల్లి లారీలు చేస్తాడు. డెబ్బైల్లో ఎవరు కొత్త లారీ కొన్నా దాని నకలు ఒకటి మునిరత్నం దగ్గర చేయించుకుని ముందుగదిలో అద్దాల పెట్టెలో పెట్టుకునేవాళ్లట. అదే రంగు, అదే నంబరు, వెనక అదే నిమ్మకాయల దండ బొమ్మ. ఇప్పుడు ఆ ఓనర్ల కొడుకులు టీవీ పెట్టె మీద ప్లాస్టిక్ కారు పెట్టుకుంటున్నారు. మునిరత్నానికి ఆర్డర్లు లేవు, ఆ కోపం మాత్రం నిండుగా ఉంది.

వినయం ఆ మనిషి దరిదాపుల్లో లేదు. "ఈ జిల్లాలో చిన్న బండి అనేది నేను కనిపెట్టినాను సార్" అన్నాడు కూర్చోకముందే. రెడ్డెప్ప, "జొన్నదంటు బండి మా తాత సేసినాడప్పా" అన్నాడు. "దాన్ని బండి అంటారా? మేకలు తింటాయి దాన్ని!" అన్నాడు మునిరత్నం. ఈ తగాదా పదేళ్లుగా నడుస్తోందనీ, మాట పట్టింపు ఎంతున్నా పోటీలకు మాత్రం కలిసే పోతారనీ నారాయణమ్మ చెప్పింది.

ఆయన చేసిన లారీలు చూశాను. పని గట్టిది. ఒక్కటే విచిత్రం, ప్రతి లారీలోనూ చెక్కతో చెక్కిన డ్రైవరు కూర్చుని ఉన్నాడు. ప్రతి డ్రైవరుకూ మునిరత్నం మీసాలే ఉన్నాయి. మా ఆయన శాలువా విప్పి ఎర్రబస్సు చూపించారు. మునిరత్నం దాన్ని అటూ ఇటూ తిప్పి, కిటికీలోంచి లోపలికి చూసి, "బాగుండాది. డ్రైవర్ యాడ?" అన్నాడు.

"డ్రైవర్ని పెట్టలేదండి. వాహనమే ముఖ్యమని..."

"మనిషి లేకుండా బస్సు యాడికి పోతాది సార్? నా మాదిరి ఒకణ్ణి సేసి ఇస్తా, కూర్సోబెట్టుకోండి."

మా ఆయన మొహం ముడుచుకుని బస్సు మళ్లీ చుట్టేశారు. కొంత దూరం పోయాక నా వైపు వంగి, "అతని మీసాలు నా బస్సులో ఎందుకు?" అని గొణిగారు. మునిరత్నం తన లారీలతోపాటు ఒక రంగుల పెట్టె, గుడ్డపీలికల సంచీ, డబ్బా నిండా రంగు కరిగించే తిన్నరు తెచ్చుకున్నాడు. పోటీకి ముందు బండి మెరవాలట.

కుప్పం: కల్యాణ మండపంలో

కుప్పంలో టీ తాగడానికి ఆగితే, కొట్టువాడు తెలుగులో పలకరించి, అరవంలో లెక్క చెప్పి, కన్నడంలో కుర్రవాణ్ణి తిట్టాడు. మూడింటిలోనూ టీ నీళ్లగానే ఉంది. తెలుగు పంతులమ్మను కాబట్టి చెవి రిక్కించి విన్నాను. ఏ భాష ఎక్కడ ఆగి ఏది మొదలైందో పట్టుకోలేకపోయాను. అక్కడివాళ్లకు ఆ అవసరం ఉన్నట్టు లేదు.

పోటీ కల్యాణ మండపంలో. పెళ్లికి కట్టిన మామిడి తోరణాలు ఇంకా విప్పలేదు. వధూవరుల కుర్చీల్లో ముఖ్య అతిథి, మైకు మనిషి కూర్చున్నారు. ముఖ్య అతిథి రాళ్ల క్వారీ కాంట్రాక్టరు. ఆయనకు బుల్లి బండ్ల సంగతి తెలియదు, బండరాళ్ల సంగతి తెలుసు. రెడ్డెప్పకు ఆయన కావలసింది అందుకే. మిషనుకు మిగిలిన పెట్టుబడి అటునుంచి రావాలి.

పెట్టెలు విప్పేసరికి అందరి బండ్ల మీదా దారి దుమ్ము అంగుళం మందాన ఉంది. రెడ్డెప్ప ముఖ్య అతిథి దగ్గరికి పరుగెత్తుతూ, "మునిరత్నం, రోంత తుడిసి పెట్టప్పా" అన్నాడు. మునిరత్నం తన లారీలను, మా బస్సును పొడిగుడ్డతో తుడిచాడు. తర్వాత రెడ్డెప్ప ప్లాస్టిక్ కార్ల ముందు గొంతుక్కూర్చుని, గుడ్డపీలిక తిన్నరులో ముంచి, ఒకదాని తర్వాత ఒకటి ఓపిగ్గా రుద్దాడు.

మొదట నిజంగానే మెరిశాయి. తర్వాత రంగు గుడ్డకు వచ్చింది. ఆ తర్వాత కారే గుడ్డకు వచ్చింది. జర్మనీ కారు పైకప్పు మీద మునిరత్నం బొటనవేలి ముద్ర, గీతలతో సహా, పడింది. ఇంకో కారు అద్దాలు పాల మీగడలా తెల్లబడ్డాయి. ఎర్ర కారు తలుపు పక్కనున్న పచ్చ కారుకు అతుక్కుని విడదీస్తే తీగలు సాగింది. రెడ్డెప్ప తిరిగి వచ్చేసరికి నూరేళ్లుండాల్సిన ప్లాస్టిక్ పదకొండు కార్లలోనూ బెల్లం పాకమై ఉంది.

ఆయన అరవలేదు. ఒక కారును చేతిలోకి తీసుకుంటే అది వేళ్ల మధ్య కొంచెం వంగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు అప్పుడు జాలేసింది, దాచుకోను.

"ఏం సేసినావప్పా ఇది?" అన్నాడు చివరికి.

"తుడవమన్నావు, తుడిసినా" అన్నాడు మునిరత్నం. "బండి అన్నాక తిన్నరుకు తట్టుకోవల్ల గదా! నా లారీలు సూడు, డబ్బాలో ముంచినా ఏం కాదు." చెబుతూ మీసం సవరించుకున్నాడు. తెలియక చేశాడో, తెలిసే చేశాడో ఇప్పటికీ చెప్పలేను. నారాయణమ్మను అడిగితే, "లారీలకి పొడిగుడ్డ, కార్లకి తిన్నరా? మీరే సెప్పండక్కా" అంది.

ఇక పోటీలో మిగిలినవి మునిరత్నం లారీలు, మా బస్సు, ఎవరో కాలేజీ పిల్లలు చేసిన థర్మోకోల్ రోడ్డు రోలరు. రోడ్డు రోలరు ఫ్యాను గాలికి ఎగిరి కింద పడింది. ముఖ్య అతిథి బస్సును కళ్ల ఎత్తుకు లేపి, లోపలి సీట్లు చూసి, గంట తాడు వేలితో మీటి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. కప్పు మా ఆయనకే ఇచ్చారు. ఆఫీసులో ఇన్నేళ్లుగా ఎవరూ ఆయన్ని లేచి నిలబడి చప్పట్లు కొట్టి పిలవలేదు. ఆ ఒక్క నిమిషం నేను కూడా గట్టిగానే కొట్టాను.

అక్కడితో ఆపితే ఎంత బాగుండేది. రెడ్డెప్ప తేరుకున్నాడు. పోయిన కార్ల మీది దుఃఖమంతా పట్టుదలగా మారి మైకు దగ్గరికి పోయాడు.

"బయటి ప్లాస్టిక్ ఇట్లనే ఉంటాది. ఇక మనం మనదే సేసుకుంటాం. మదనపల్లెలో ఫ్యాక్టరీ వస్తాంది! తెనాలి సాంబశివరావు సారు గవర్నమెంటు ఉద్యోగం వదిలేసి మనకోసం వస్తాండారు. వాళ్ల మేడమ్ తన స్థలం అమ్మి పెట్టుబడి పెడతాండారు!"

మా ఆయన వైపు చూశాను. కప్పు గుండెకు ఆనించుకుని, సిగ్గుపడుతూ, తలాడిస్తున్నారు. ఈసారి నోట్లో సంగటి లేదు. ముఖ్య అతిథి కూడా బాగుంది బాగుందని తలాడించాడు. పక్కన కూర్చున్న నారాయణమ్మ నా చెయ్యి పట్టుకోలేదు, నా వంక చూడలేదు. తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని నేల చూస్తూ కూర్చుంది. వేడినీళ్లలో నాని నాని ఆ వేళ్ల చివర్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

లేచాను. మండపం మధ్యలోంచి నడిచి మైకు దగ్గరికి పోయాను. బళ్లో ప్రార్థన దగ్గర రోజూ మాట్లాడే గొంతుతోనే చెప్పాను.

"నేను సాంబశివరావుగారి భార్యను. ఆయన ఉద్యోగం మానడం లేదు. ఆ స్థలం నా పేరున ఉంది, నా జీతంతో కొన్నాను. దాన్ని అమ్మడం లేదు. మదనపల్లెలో ఫ్యాక్టరీ పెట్టాలనుకుంటున్న చోట ఇప్పటికే ఒక ఫ్యాక్టరీ నడుస్తోంది. పట్టు దారం తీస్తారు. దాన్ని నడిపేది రెడ్డెప్పగారి భార్య నారాయణమ్మగారు. పెట్టుబడి పెట్టాలనుకున్నవాళ్లు ముందు దాన్ని చూడవలసిందిగా కోరుతున్నాను. మా వారికి బహుమతి ఇచ్చినందుకు ధన్యవాదాలు."

మండపమంతా చప్పట్లు కొట్టింది. చివర్లో ధన్యవాదాలన్నాను కదా, వందన సమర్పణ అనుకున్నారు. మైకు మనిషి వెంటనే జనగణమన పెట్టేశాడు. అందరూ నిటారుగా నిలబడ్డారు కాబట్టి రెడ్డెప్ప ఏమీ అనలేకపోయాడు. పాట అయ్యాక ముఖ్య అతిథి నారాయణమ్మ దగ్గరికి వచ్చి, "ఎన్ని తొట్లమ్మా?" అని అడిగాడు. ఆమె నిలబడి, తడబడకుండా చెప్పింది. రెడ్డెప్ప ఆ అంకె మొదటిసారి వింటున్నట్టు వింటున్నాడు.

కుప్పం స్టేషన్

రెడ్డెప్ప స్టేషన్‌కు రాలేదు. పాకమైన కార్లను పెట్టెలో సర్దుకుంటూ మండపంలోనే ఉండిపోయాడు. నారాయణమ్మ వచ్చింది, టమోటాలు, ఊరుబిండి డబ్బా పట్టుకుని.

"ఇంటికి పోతే పెద్ద గలాటానే అక్కా" అంది.

"భయంగా ఉందా?"

"రోంత ఉండాది." టమోటాలు నా చేతికందించింది. "అరుస్తాడు, రెండు దినాలు తినడు. మూడో దినం ఆకలవుతాది. సంగటి నా చేతిలోనే ఉండాది గదా." రైలు కదిలే దాకా ఉండి, కదిలాక కూడా కొంతదూరం కిటికీ పట్టుకుని నడిచింది.

మా ఆయన ఎదురు సీట్లో బస్సు మూట ఒకవైపు, కప్పు ఒకవైపు పెట్టుకుని మధ్యలో కూర్చున్నారు. జోలార్‌పేట దాటాక, "మైకులో చెప్పాల్సింది కాదు" అన్నారు.

"మైకులో చెప్పించింది మీరేగా."

"నేను చెప్పించలేదు. అతనే చెప్పాడు."

"తలాడించారు."

ఆయన కిటికీ వైపు తిరిగారు. చాలాసేపు బయటికి చూశారు. కోపం వల్ల కాదు, నిజంగా దెబ్బ తగిలినవాళ్లు అలా చూస్తారు. నేను చెప్పింది తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ కప్పు పుచ్చుకున్న పది నిమిషాలకే ఆ మొహం అలా వాడిపోవడం చూడ్డం నాకు సులువు కాలేదు. కాట్పాడిలో ఇడ్లీలు కొని చేతికిచ్చాను. తిన్నారు. చట్నీ పుల్లగా ఉందన్నారు. మాట కలిసిందని అర్థం.

"ఇంతకీ ఆ స్థలం ఏం చేద్దామని?" అని అడిగారు.

"ఇల్లు కడదామని. మొదట్నుంచీ అదే చెబుతున్నాను."

ఆయన ఇడ్లీ పొట్లం కాగితం మడతలు సరిచేసి, జేబులోంచి పెన్సిలు తీశారు. ఒక చతురస్రం గీశారు. ముందు వరండా గీశారు. కొంచెం ఆలోచించి వెనకవైపు ఒక గది గీసి, చిన్నదేనని నాకు చూపించారు. నేను కాదనలేదు. కాగితం అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంటే ఆయన కళ్లలోకి మెల్లగా వెలుగు వచ్చింది.

"కట్టేముందు యాభయ్యో వంతులో ఒక నమూనా చేసి చూసుకుంటే పొరపాట్లుండవు" అన్నారు. "ఎక్కువ కాలం పట్టదు, రెండేళ్లు. ఏమంటావు, చెక్కతో చెయ్యనా, ప్లాస్టిక్‌తోనా?"

"ఇటుకతో చెయ్యండి" అన్నాను. "మనిద్దరం పట్టేంత."